ఒళ్ళు నొప్పులంటే చాలదు: సీమ కూలీలు, డాక్టర్లు, మధ్యన మాట

"యాడమ్మే నొప్పి?"

"ఒళ్ళంతా సారూ."

"ఎప్పట్నుంచి?"

"శానా దినాలాయ సారూ."

ఈ నాలుగు మాటలు అయ్యేలోపే చీటీ మీద మందులు రాయడం అయిపోతుంది. పాత కర్నూలు, కడప జిల్లాల్లో ఏ ఆసుపత్రి ఓపీ దగ్గరైనా ఒక పూట నిలబడి చూడండి, మాలమాదిగ వాడల నుంచి వచ్చిన కూలీలకూ డాక్టర్లకూ మధ్య జరిగే సంభాషణ ఇంతకు మించి పోదు. ఆమె మూడు రంగుల మాత్రలు కొంగున కట్టుకొని బస్సెక్కుతుంది. మాత్రలున్నన్నాళ్ళు నొప్పి కాస్త అణుగుతుంది. అయిపోగానే మళ్ళీ మొదలు. మళ్ళీ ఒక దినం కూలి పోగొట్టుకొని, మళ్ళీ అదే బల్ల ముందు, మళ్ళీ అవే నాలుగు మాటలు.

దీనికి మామూలుగా చెప్పే కారణం "వాళ్ళకు చెప్పుకోవడం రాదండీ" అని. చదువుకున్న మన కార్యకర్తలు కూడా కొందరు ఈ మాటే అంటారు. ఇది నిజం కాదు. ఇదే మనిషి వాడలో అరుగు మీద కూర్చున్నప్పుడు తన నొప్పి గురించి ఎట్లా మాట్లాడుతుందో వినండి. నడుము పట్టుకునింది అంటుంది. పిక్కలు పీకుతాండాయంటుంది. మోకాలు సలుపుతాంది, అరికాళ్ళు భగభగ మండుతాండాయి, చేతివేళ్ళు మొద్దుబారినాయి, మెడ నుంచి భుజం దాకా గుంజుతాంది, తుంటిలో పోటు వచ్చి కాలు జివ్వుమంటాంది. ఇన్ని మాటలున్న మనిషి డాక్టరు ముందు "ఒళ్ళంతా" అని ఒక్క మాటతో ఎందుకు సరిపెడుతుంది? ఆమెకు మాట రాకపోవడం వల్ల కాదు, ఆ గదిలో తన మాటకు ఎంత చోటుందో ఆమెకు అనుభవం మీద తెలుసు గనక. ముందున్న పట్టుచీర ఆమెకు "కూర్చోండమ్మా", తనకు "ఏమ్మే". ఆ ఒక్క పిలుపుతోనే ఎంతసేపు మాట్లాడొచ్చో తేలిపోతుంది.

డాక్టర్లకు టైము లేదన్నది అబద్ధం కాదు. 67 దేశాల లెక్కలు పోగుచేసి 2017లో ఒక బ్రిటిష్ వైద్య పత్రిక వేసిన వ్యాసం ప్రకారం, మామూలు డాక్టరు ఒక రోగితో గడిపే సమయం స్వీడన్‌లో 22 నిమిషాలు దాటుతుంటే మన దేశంలో సుమారు 2 నిమిషాలు. అంత టైముండే అమెరికాలో కూడా 1984లో ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టి చూస్తే, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగులుతున్నాడని తేలింది. మనకున్న 2 నిమిషాల్లో మన మాట ఎన్ని సెకన్లో ఎవరికి వారే ఊహించుకోవచ్చు. అయితే టైము తక్కువ అనేది అందరికీ ఒకటే. ఆ తక్కువను ఎవరికి ఎట్లా పంచుతారన్న దగ్గర కులం వస్తుంది.

తాకని చెయ్యి

జ్వరానికి థర్మామీటరుంది. బీపీకి మిషనుంది. షుగరుకు రక్తం తీస్తారు. నొప్పిని కొలిచే మిషను మాత్రం ఇంతవరకు లేదు. నొప్పిని డాక్టరు తెలుసుకునే దార్లు ముఖ్యంగా రెండు: రోగి నోటి మాట, డాక్టరు చెయ్యి. నడుం నొప్పి అని పోయిన మనిషిని సరిగ్గా పరీక్ష చేయడమంటే ఏమిటో మనవాళ్ళకు చాలామందికి తెలియదు, ఎందుకంటే ఎప్పుడూ ఎవరూ చేయలేదు. వెల్లకిలా పడుకోబెట్టి కాలు చాపి పైకెత్తి చూడాలి, ఎంత ఎత్తులో జివ్వుమంటుందో అడగాలి. వెన్నుపూసల మీద ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూడాలి. మోకాలి కింద చిన్న సుత్తితో తట్టాలి. కాలి బొటనవేలు పైకి లాగమని బలం చూడాలి. పాదం మీద స్పర్శ తెలుస్తోందో లేదో చూడాలి. అయిదు నిమిషాల పని. కానీ ఇదంతా ముట్టుకుంటే గాని అయ్యే పని కాదు.

2006లో అచ్చయిన "గ్రామీణ భారతంలో అంటరానితనం" అధ్యయనం (ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ తోరాట్ తదితరులు) 11 రాష్ట్రాల్లో 565 ఊళ్ళు చూసింది. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 33 శాతం ఊళ్ళలో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్ళకు రావడం లేదని తేల్చింది. సంఘమిత్ర ఆచార్య 2010లో గుజరాత్, రాజస్థాన్ దళిత పిల్లల మీద ప్రచురించిన అధ్యయనంలో మందు ఇచ్చేటప్పుడు ముట్టుకోకపోవడం పెద్ద వివక్షగా బయటపడింది. మన సీమలో ఈ రోజు ఏ డాక్టరూ "నిన్ను ముట్టుకోను" అని నోటితో అనడు. బల్లకు అవతలి నుంచే చూపుడువేలితో "ఆడనా, ఈడనా?" అని అడిగి రాసేస్తాడు, అంతే. రద్దీ వల్ల ముట్టలేదో కులం వల్ల ముట్టలేదో రుజువు చేయడం మన వల్ల కాదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఆసుపత్రిలోకో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకో దళితుణ్ణి రానీయకుండా అడ్డుకోవడాన్ని నేరం చేసింది. లోపలికి రానిచ్చి ముట్టుకోకుండా పంపేదానికి ఆ సెక్షను అక్కరకు రాదు.

ఒక్క మాట పక్కకు పోయి చెప్పుకోవాల. తెలుగులో "నొప్పులు" అని బహువచనంలో అంటే చాలు, కాన్పు నొప్పులని అర్థమైపోతుంది. సీమ పల్లెల్లో ఆ నొప్పుల్ని చేత్తో తడిమి, బిడ్డ అడ్డం తిరిగిందా లేదా చెప్పగలిగిన మంత్రసాని చాలా ఊళ్ళలో మాదిగ స్త్రీయే. కాన్పయ్యేదాకా ఆమె చెయ్యి కావాలి. అయినాక ఇల్లు శుద్ధి. ఊరి నొప్పినంతా చేత్తో చదివిన వాళ్ళ మనవరాళ్ళు ఇప్పుడు తమ ఒంటి మీద ఒక చెయ్యి పడడానికి ఓపీలో ఎదురుచూస్తున్నారు.

"మీవి కష్టం చేసే ఒళ్ళు గదమ్మా, ఈ మాత్రం ఉంటాది" అనే మాట కూడా మనవాళ్ళకు కొత్త కాదు. దయగా అన్నట్టే ఉంటుంది. దాని లోపల ఉన్నదేమిటంటే, వీళ్ళ ఒళ్ళు వేరు, వీళ్ళకు నొప్పి అంతగా తెలియదు అనే నమ్మకం. ఇది మన ఒక్కరి సంగతి కాదు. 1993లో అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఎముక విరిగి వచ్చినవాళ్ళ రికార్డులు తీసి చూస్తే, తెల్లవాళ్ళతో పోలిస్తే హిస్పానిక్ రోగులు నొప్పి మందు ఏదీ అందకుండా ఉండిపోవడం రెట్టింపు. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థుల్ని, జూనియర్ డాక్టర్లను అడిగితే, దాదాపు సగం మంది నల్లవాళ్ళ చర్మం మందమనో మరొకటో ఏదో ఒక తప్పుడు నమ్మకం ఉన్నవాళ్ళే. ఆ నమ్మకం ఉన్నవాళ్ళు నల్లవాళ్ళ నొప్పిని తక్కువగా అంచనా వేశారు. మన మెడికల్ కాలేజీల్లో ఇటువంటి ప్రశ్న కులం గురించి ఎవరైనా వేస్తే ఏం తేలుతుందో!

ఇదంతా తెలుసుకుని ఊరుకుంటే లాభం లేదు. వ్యవస్థ మారేదాకా నడుం నొప్పి ఆగదు. ఆ 2 నిమిషాల్లో మన మాటను ఎట్లా నెగ్గించుకోవాలన్నది ఇప్పటి పని.

మొండి నొప్పి అంటే

కాలికి ముల్లు దిగితే నొప్పి, ముల్లు తీస్తే పోతుంది. మూడు నెలలు దాటి ఉండిపోయే నొప్పి వేరు జాతి. వైద్యులు దీన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు, మన జనం మొండి నొప్పి అంటారు. మొదట దెబ్బ తగిలిన చోటు మానినా కూడా నరాలు, వెన్నుపాము, మెదడు నొప్పిని మోస్తూనే ఉంటాయి. చేను కాపలా కుక్క దొంగను చూసి మొరగడం నేర్చుకొని, తర్వాత గాలికి ఆకు కదిలినా మొరిగినట్టు. కుక్క మొరగడం అబద్ధం కాదు, దొంగ మాత్రం లేడు. అందుకే ఎక్సరేలో ఏమీ కనపడకపోయినా నొప్పి ఉంటుంది. "ఎక్సరే బాగానే ఉందమ్మా, నీకేం లేదు" అనే మాట వైద్యశాస్త్రం ప్రకారమే తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలుకు తెచ్చిన జబ్బుల పట్టికలో దీర్ఘకాలిక నొప్పికి సొంతంగా చోటు ఇచ్చింది. నొప్పి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరిస్తూ, మనిషి తనకు నొప్పి ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలనీ, నోటితో చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేనట్టు కాదనీ చేర్చింది. మన విద్యార్థులు, టీచర్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. వాడ నుంచి ఎవరినన్నా తోడు తీసుకొని పోయినప్పుడు ఇది పనికొస్తుంది.

పనిని చెప్పాల

"ఒళ్ళంతా నొప్పి" అనేది డాక్టరు చెవికి ఏమీ చెప్పని మాట. ఎక్కడ అన్నదాని కంటే ఏ పనిలో వచ్చింది, ఏ పని చేయనీయడం లేదు అన్నది చెబితే సగం జబ్బు అక్కడే తెలుస్తుంది. కాని మనవాళ్ళు ఇదే చెప్పరు. పని గురించి చెబితే కులం చెప్పినట్టవుతుందని ఒక బెరుకు. డాక్టరుకు పల్లె పని తెలియదన్నది ఇంకొకటి. చాలామంది ఎప్పుడూ చేలో వంగినవాళ్ళు కాదు.

బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల చుట్టూ నాపరాయి గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాడు రోజంతా గడ్డపార పట్టి బండ లేపుతాడు, లేదంటే ఊగే మిషను పట్టుకొని నిలబడతాడు. ఎర్రగుంట్ల వైపు కడప బండ పనీ అంతే. మంగంపేట ముగ్గురాయి గనుల చుట్టుపక్కల రాయి కొట్టి ఏరిన ఆడవాళ్ళ మెడలు, భుజాలు వేరే కథ. ఈ మనిషి దగ్గు, ఆయాసం, ఛాతీ నొప్పి అని పోయి రాళ్ళ పని సంగతి చెప్పకపోతే టీబీ మందులు మింగుతూ కూర్చోవాల్సిరావచ్చు. చెబితే రాతి దుమ్ము జబ్బు సిలికోసిస్ అని డాక్టరుకు తట్టే అవకాశం ఉంది. సిలికోసిస్ 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం పట్టికలో చేర్చిన జబ్బు కూడా. చీటీ మీద వృత్తి రాయించుకోవడం డబ్బుతో ముడిపడిన సంగతి.

ఆదోని, కోసిగి, కౌతాళం, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి సుగ్గికి పోయేవాళ్ళది ఇంకో రకం. గుంటూరు వైపు మిరప చేలల్లో, పత్తి చేలల్లో నెలల తరబడి వంగి కోయడం, టెంట్లలో నేల మీద పడుకోవడం. పత్తి తీసే చెయ్యి ఒకే కదలిక రోజుకు వేలసార్లు చేస్తుంది. రాత్రి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చి, చెయ్యి విదిలిస్తే గాని నెమ్మదించకపోతే మణికట్టు దగ్గర నరం నొక్కుకుందని అర్థం. "చేతులు నొప్పి సారూ" అంటే ఇది ఎవరికీ తెలియదు. "రాత్రి మూడు వేళ్ళు చచ్చుబడి లేస్తాను, విదిలించుకుంటాను" అంటే ఏ డాక్టరుకైనా తెలుస్తుంది.

అట్లాగే మన మాటలకు ఒక్కోదానికి ఒక్కో అర్థం ఉంది. వాటిని సిగ్గుపడకుండా అట్లాగే వాడాలి. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు అన్నవి నరం నొప్పి మాటలు. షుగరు ఉన్నవాళ్ళ అరికాళ్ళ మంట ఇందులోదే. చర్మం మీద స్పర్శ తెలియని మచ్చ కూడా ఉంటే అది చూపించి తీరాలి, కుష్ఠు కావచ్చు, మందుతో పూర్తిగా నయమవుతుంది. నడుం నుంచి పిరుదు మీదుగా పిక్క దాకా జివ్వుమని పాకితే వెన్నుపూస దగ్గర నరం నొక్కుకున్నట్టు. పొద్దున లేస్తానే వేళ్ళు ముడుచుకోలేక, గంట సేపటికి గాని కీళ్ళు సడలకపోతే కీళ్ళవాతం అనుమానించాలి. సాయంత్రానికి ఎక్కువై, పడుకుంటే తగ్గేది ఎక్కువగా అరుగుదల, పని భారం. రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, దాంతోపాటు సాయంత్రం జ్వరం, ఒళ్ళు చిక్కిపోవడం ఉంటే ఎముక టీబీ గాని క్యాన్సర్ గాని లేదని తేల్చమని గట్టిగా అడగాలి. కాలు పడిపోతున్నట్టుంటే, ఒంటికి రెంటికి పట్టు తప్పుతుంటే ఓపీ కోసం తెల్లారేదాకా ఆగకూడదు, అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పోవాలి.

ఊరి సంగతి కూడా చెప్పాలి. నీళ్ళలో ఫ్లోరైడు ఉంటే వచ్చే ఎముకల జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో, అంటే మన కర్నూలు, కడపలకు పక్కనే. సీమలోనూ బోర్లు లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడు నీళ్ళు తాగే ఊళ్ళు ఉన్నాయి. మొదట్లో ఈ జబ్బు ఉత్త కీళ్ళ నొప్పుల్లాగే ఉంటుంది. తాగేది ఏ బోరు నీళ్ళో, పిల్లల పళ్ళ మీద గార మచ్చలున్నాయో చెబితే గాని డాక్టరు అటు ఆలోచించడు. ఇంకొకటి చికున్‌గున్యా. 2005 చివర, 2006లో అది మళ్ళీ దేశంలో లేచింది మన వైపునే. కడప, అనంతపురం, కర్నూలు పల్లెలు మంచాన పడ్డాయి. జనం "చికెన్ గున్యా" అని కోడికూర మానేశారు. ఆ పేరు టాంజానియాలోని మకొండె భాషది, మెలిదిరిగి వంగిపోవడమని అర్థం. దోమ కాటుది. జ్వరం వారంలో పోయినా కీళ్ళ నొప్పులు కొందరికి నెలలు, ఏళ్ళు ఉండిపోయాయి. "ఫలానా సంవత్సరం జ్వరం వచ్చినాక పట్టుకున్న నొప్పి" అని చెప్పడానికి తేదీ తెలియక్కరలేదు. ఆ ఏడు వాన పడిందా, కరువా, ఏ పంట కాలమో చెప్పినా చాలు.

"పదిలో ఎంత నొప్పి?" అని ఈమధ్య కొందరు డాక్టర్లు అడుగుతున్నారు. మనవాళ్ళు బిత్తరపోతారు, లేదంటే "పదికి పది" అంటారు. అంకె కంటే పనితో కొలవడం మేలు. పోయిన ఏడు ఒక్క ఊపున సాలంతా కలుపు తీసేదాన్ని, ఇప్పుడు సాలుకు మూడుసార్లు లేచి నిలబడతాను. బిందె చంకన పెట్టుకోలేను. దొడ్డికి కూర్చుంటే లేవలేను. ఇవి చెబితే అంకె డాక్టరే వేసుకుంటాడు.

సూది

డాక్టరు దగ్గరికి పోకముందే మనవాళ్ళు పోయేది ఆర్ఎంపీ దగ్గరికి. ఆయన్ని తిట్టడం తేలిక. రాత్రి పదింటికి వాడలోకి వచ్చేది, "అక్కా, ఏమైంది?" అని పలకరించేది, చెయ్యి పట్టి చూసేది ఆయనే. డబ్బులు సుగ్గి నుంచి వచ్చినాక ఇమ్మంటాడు. అయితే ఆయన వేసే సూదిలో తరచూ ఉండేది డైక్లోఫెనాక్, దాంతోపాటు డెక్సామెథసోన్ లాంటి స్టీరాయిడ్. సూది పడగానే లేచి పనికి పోవచ్చు, అందుకే దాని మీద అంత నమ్మకం. నొప్పి మాత్రలు ఏళ్ళ తరబడి పడితే కడుపులో పుండు పడి రక్తం పోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండలో నీళ్ళు చాలక ఒళ్ళు ఎండిపోయిన కూలీకి ఈ దెబ్బ ఇంకా తొందరగా తగులుతుంది. మన సీమ ఎండలకు ఇది చిన్న సంగతి కాదు. స్టీరాయిడ్ వల్ల షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక్కడ మాట తప్పిపోయే చోటు ఒకటుంది. డాక్టరు "ముందు ఏమన్నా వాడినావా?" అంటే "లేదు సారూ" అంటారు. ఆర్ఎంపీ పేరు చెబితే తిడతారని భయం. తిట్లు పడతాయి కూడా. అయినా చెప్పాలి. సూది ఖాళీ సీసా, మాత్రల ఖాళీ అట్ట పారేయకుండా ఒక సంచిలో వేసుకొని పోయి బల్ల మీద పెడితే నోటితో చెప్పక్కరలేదు. నాటు మందు, పసరు, కల్లు, సారా, ఏదైనా ఇదే లెక్క.

దీనికి అటువైపు ఇంకొకటి. మంచి డాక్టరు ఒక్కోసారి మొండి నొప్పికి అమిట్రిప్టిలిన్ లాంటి మందు చిన్న మోతాదులో రాస్తాడు. అది దిగులు జబ్బుకు కూడా వాడే మందు, నరం నొప్పిని తగ్గిస్తుంది. ఆయన ఈ ముక్క చెప్పడు. మెడికల్ షాపులో కుర్రాడు "ఇది మనసు బాగలేనోళ్ళ మాత్ర" అంటాడు. "నాకు పిచ్చి అనుకున్యాడా ఆయప్ప" అని మాత్రలు పెంటదిబ్బ మీదికి పోతాయి. మందు మంచిదే, చెప్పవలసిన ఒక్క వాక్యం చెప్పకపోవడం వల్ల వృథా అయింది. ఇది దేనికి, ఎన్నాళ్ళకు పనిచేస్తుంది అని ప్రతి మాత్రకూ అడగాలి. నొప్పితో బతికేవాళ్ళకు దిగులు రావడం కూడా మామూలే. అది ఒప్పుకుంటే నొప్పి అబద్ధమైపోదు.

గర్భసంచి

ఆడవాళ్ళ నడుం నొప్పి సీమలో, రాష్ట్రమంతటా కూడా, ఎక్కడికి పోయి ఆగుతుందో చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేం. నడుం నొప్పి, తెల్లబట్ట అని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు పోయిన కూలి స్త్రీని "గర్భసంచి పాడైంది, తీయకపోతే క్యాన్సర్ వస్తుంది" అని భయపెట్టడం దశాబ్దాలుగా నడుస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015-16) లెక్కల్లో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశమంతటా 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. నడుం నొప్పి ఒక్కటే గాని, తెల్లబట్ట ఒక్కటే గాని గర్భసంచి తీయడానికి కారణం కాదు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఆగి, ఎముకలు తొందరగా గుల్లబారి, నడుం నొప్పి ఎక్కువవుతుంది. అప్పు చేసి కొత్త నొప్పి కొనుక్కున్నట్టు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో, కేంద్రం 2022లో తెచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలని చెప్పింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ప్రధానంగా ఆపరేషనుకు, ఆసుపత్రిలో చేర్చుకునే వైద్యానికి డబ్బు కట్టేవి. కూర్చోబెట్టి వినే డాక్టరుకు అందులో రేటు లేదు.

ఆపరేషను అనగానే అడగవలసినవి మూడు. ఇది తీయకపోతే ఏమవుతుంది? ఆపరేషను కాకుండా మందు ఏముంది? క్యాన్సర్ అని దేన్ని బట్టి చెప్తున్నారు, ఆ రిపోర్టు నా చేతికి ఇవ్వండి. మూడోది అడిగితే చాలాచోట్ల గొంతు మారుతుంది. ఇంకో డాక్టరుకు చూపించుకుంటామని చెప్పడం తప్పు కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రెండో అభిప్రాయం తీసుకునే హక్కు, వివక్ష లేని వైద్యం, మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు పక్కన ఒక ఆడమనిషి ఉండే హక్కు రాసి ఉన్నాయి. 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని రాష్ట్రాలకు పంపింది. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరి వైద్యం పొందిన రోగి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవి గోడ మీద అతికించిన చోట్లు తక్కువ. మన సంఘాలు అతికించవచ్చు గదా.

"రెస్టు తీసుకో" అనే సలహా గురించి కూడా ఒక మాట. కూలి మనిషికి ఇది బూతులాంటి మాట. సంతోషించవలసిన సంగతి ఏమంటే, శాస్త్రం కూడా ఇప్పుడు ఆ మాట అనడం లేదు. నడుం నొప్పి మీద 2018లో లాన్సెట్ పత్రిక వేసిన వ్యాసాలు, మామూలు నడుం నొప్పికి మంచాన పడుకోవడం మంచిది కాదనీ, అపాయ లక్షణాలు లేకుండానే స్కానింగులు తీయించొద్దనీ, కదులుతూ ఉండడమే మేలనీ తేల్చాయి. కాబట్టి "సారూ, పని మానలేను. ఇదే పని చేస్తా నడుం ఎట్లా కాపాడుకోవాల? ఏ బరువు ఎత్తగూడదు?" అని అడగాలి. వ్యాయామం చూపించమనాలి. నోటితో చెబితే చాలదు, చేసి చూపించమనాలి. స్కానింగుకు రాస్తే "ఇందులో ఏం కనపడితే మందు మారుతాది?" అని ఒక ప్రశ్న వేయాలి. ఆ ప్రశ్నకు వేల రూపాయలు మిగలొచ్చు.

ఇవన్నీ ఒక్క మనిషి ఒంటరిగా అడగగలిగినవి కావు. ఏమ్మే అని పిలిపించుకుంటూ, వెనక నలభై మంది క్యూ తోస్తుంటే, మూడు ప్రశ్నలు అడగడానికి గుండె కావాలి. అందుకే తోడు. చదువుకున్న పిల్ల తోడు పోవాలి, కాని ఆమె బదులు మాట్లాడకూడదు. "మా పెద్దమ్మ చెబుతుంది, వినండి సార్" అనాలి. నేను మా ఇంటామెకు తోడు పోయిన మొదటిసారి నేనే అంతా ఇంగ్లీషులో చెప్పేశాను. డాక్టరు నాతోనే మాట్లాడి మందులు రాశాడు. బయటికొచ్చినాక ఆమె, "నేను చెప్పాలనుకున్యది మోకాలు గాదు" అంది.

ఇంకొక అడ్డం మనలోనే ఉంది. సంఘాల్లో పనిచేసేవాళ్ళు నొప్పి గురించి మాట్లాడడం బలహీనత అనుకుంటారు. అంబేద్కర్ రాజ్యాంగ ముసాయిదా పనిలో ఉన్న కాలంలో షుగరుతో, కాళ్ళ నరాల నొప్పులతో రాత్రుళ్ళు నిద్ర లేకుండా గడిపారు. వైద్యం కోసం బొంబాయి పోయి, అక్కడ పరిచయమైన డాక్టరు శారదా కబీర్‌నే 1948 ఏప్రిల్ 15న పెళ్ళి చేసుకున్నారు. ఆయన తన నొప్పిని ఉత్తరాల్లో దాచుకోలేదు. మన మీటింగుల్లో గంటలు గంటలు నేల మీద కూర్చొని, మోకాళ్ళు పట్టుకొని లేస్తూ కూడా ఎవరూ ఒక మాట అనరు.

వాడలో చేయగలిగిన పని ఒకటి మాత్రం చిన్నది, ఖర్చు లేనిది. ఒక్కొక్కరికి ఒక కాగితం. వాళ్ళ మాటల్లోనే: ఏం పని చేస్తారు, నొప్పి ఏ పని దగ్గర మొదలైంది, ఎట్లా ఉంటుంది, ఏ పని చేయనీయడం లేదు, ఇంతవరకు ఏం సూదులు, ఏం మాత్రలు వాడారు, ఏ మందు పడలేదు, షుగరు, బీపీ ఉన్నాయా, ఏ బోరు నీళ్ళు. హైస్కూలు పిల్లలు రాయగలరు. రాసింది ఆమెకు చదివి వినిపించాలి, తప్పు రాస్తే ఆమె దిద్దుతుంది. డాక్టరు ముందు ఆ కాగితం పెడితే చదవడానికి అర నిమిషం పడుతుంది, ఆ అర నిమిషంలో ఎవరూ ఆమె మాటకు అడ్డం తగలలేరు. సుగ్గికి పోయేవాళ్ళు దీన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, బియ్యం మూటలో రేషను కార్డుతో పాటు కట్టుకోవాలి. గుంటూరులో గాని బెంగళూరులో గాని రాత్రిపూట కొత్త డాక్టరు ముందు నిలబడవలసి వస్తే, అక్కడ ఊరు తెలియదు, మనిషి తెలియదు, బెంగళూరైతే భాష కూడా తెలియదు, ఆ కాగితం మాత్రమే ఉంటుంది.